'కాదు' అనడం నేర్పిన అత్తగారు

శనివారం పొద్దున ఒజెల్లా బ్రిగ్స్ పొయ్యి ముందు నిలబడి, మొక్కజొన్న రవ్వతో చేసే గ్రిట్స్ జావ గిన్నెలో గరిటె తిప్పుతూ, కొడుకు గదిలోంచి వచ్చే చప్పుళ్ళు వింటోంది. కుళాయి తిప్పిన చప్పుడు, రేజరు సింకు అంచుకి తట్టిన చప్పుడు. చేపల ఫ్యాక్టరీ మూతపడ్డాక రోడ్రిక్ ఇంత పొద్దున్నే లేచి గడ్డం గీసుకోవడం ఇదే మొదటిసారి. దానికే ఆవిడకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

"అడుగంటుతోంది," అన్నాడు ఎల్బర్ట్ పేపరు వెనకనుంచి.

"అంటితే అంటనీ. ఇవాళ నోరు మూసుకుని పెట్టింది తిను."

"ఇవాళేమిటి, పెళ్ళయిన దగ్గర్నించీ చేస్తున్నది అదేగా."

మరో రోజయితే ఒజెల్లా ఆ మాటకి గరిటె చూపించేది. ఇవాళ నవ్వి ఊరుకుంది. పట్టాలమీద సామాన్ల బండి నడిపి రిటైరయిన మొగుడికి, ఏ మాట ఎప్పుడు అనాలో ఇన్నేళ్ళయినా తెలియలేదని ఆవిడ నమ్మకం.

కోడలు షాంటెల్ లాండ్రీ వాళ్ళ నీలం చొక్కా వేసుకుని, జుట్టు ముడి వేసుకుంటూ వంటింట్లోకి వచ్చింది. ఈ ఏడాది ఆ లాండ్రీ నడిపే సంఘానికి అధ్యక్షురాలు ఆమే. శనివారం సమావేశం ఉంటే అందరికన్నా ముందే వెళ్ళి కుర్చీలు వేస్తుంది.

"కాఫీ తాగి వెళ్ళు తల్లీ," అంది ఒజెల్లా. "ఇవాళ కొత్త మేనేజరు సంగతి తేల్చేద్దాం. రోడ్రిక్ పేరు నేను చెప్తాను. వెంటనే నువ్వు బలపరుస్తున్నానని అను. ఇంకెవరూ నోరెత్తరు."

షాంటెల్ చెయ్యి కప్పు మీదే ఆగిపోయింది. "తను సభ్యుడు కాదు కదమ్మా. క్లాసులకి కూడా ఎప్పుడూ రాలేదు."

"వస్తాడులే తర్వాత. ముందు పనిలో పడనీ."

"తనకి చెప్పేశారా?"

"చెప్పకపోతే ఆ గడ్డం ఎందుకు గీసుకుంటున్నాడనుకున్నావ్? ఖాయం అని చెప్పాను."

"ఇంకా సమావేశమే కాలేదు. ఖాయం ఎలా అవుతుందమ్మా?"

ఒజెల్లా గరిటె గిన్నె అంచుకి దులిపి, కోడలి వైపు తిరిగింది. "నేను లేకపోతే ఆ లాండ్రీ ఎక్కడుండేది?" అంది. కోపంగా కాదు, వాన పడితే తడుస్తాం అన్నంత మామూలుగా అంది.

షాంటెల్ కాఫీ సగం తాగి, తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. పేపరు వెనకనుంచి ఎల్బర్ట్ గొంతు సవరించుకున్నాడు.

ఒజెల్లా మాటలో అబద్ధం లేదు. మిసిసిపీ డెల్టాలో హాలోవెల్ లాంటి చిన్న ఊళ్ళో నల్లవాళ్ళ పేరుమీద ఒక లాండ్రీ నడుస్తోందంటే అది ఆవిడ చలవే. పెళ్ళీడు రాకముందే ఆసుపత్రి నేలమాళిగలో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది. అక్కడే జుట్టు నెరిసింది. ఒకరోజు పైవాళ్ళు వచ్చి, ఇకనుంచి దుప్పట్లు దూరపు పట్నంలో ఒక కంపెనీకి పంపుతున్నాం, మీరు ఇళ్ళకి వెళ్ళొచ్చు అన్నారు. నేలమాళిగలో పనిచేసేది అందరూ నల్ల ఆడవాళ్ళే. కొందరు ఏడ్చారు. ఒజెల్లా ఏడవలేదు. ఉతకడం మనకే వచ్చు, ఇస్త్రీ మనకే వచ్చు, యంత్రం ఆగిపోతే ఎక్కడ తన్నాలో కూడా మనకే తెలుసు, మరి లాండ్రీ మనది ఎందుకు కాకూడదు అని అడిగింది. అప్పుడు ఎవరి దగ్గరా సమాధానం లేదు.

సమాధానం వెతుక్కుంటూ ఆవిడ అలబామా వెళ్ళింది. అక్కడ ముసలి నల్ల రైతులు కొందరు తమ కూరగాయలు తామే కలిసి అమ్ముకునే సంఘం నడుపుతున్నారు. ఒక వేసవంతా వాళ్ళ దగ్గరుండి, పదిమంది కలిసి ఒక వ్యాపారాన్ని ఎలా సొంతం చేసుకోవాలో, లాభం ఎలా పంచుకోవాలో, పోట్లాట వస్తే విడిపోకుండా ఎలా పోట్లాడుకోవాలో నేర్చుకుంది. తిరిగి వచ్చి మౌంట్ ఆలివ్ చర్చి కింది గదిలో ప్రతి మంగళవారం సాయంత్రం పాఠం మొదలుపెట్టింది. మొదట నవ్వినవాళ్ళే ఎక్కువ. నవ్వినవాళ్ళలో కన్నకొడుకు కూడా ఉన్నాడు. "అమ్మ చర్చి కింద కోడిగుడ్లలా కంపెనీలు పొదిగిస్తోంది," అనేవాడు స్నేహితుల దగ్గర. ఆ గదిలోంచే లాండ్రీ పుట్టింది. తర్వాత పిల్లల్ని చూసుకునే ఆడవాళ్ళ సంఘం, గడ్డి కోసే కుర్రాళ్ళ సంఘం పుట్టాయి. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళనించి వ్యాన్లలో వచ్చి మరీ నేర్చుకుంటున్నారు. ఆసుపత్రి దుప్పట్లు కూడా తిరిగి హాలోవెల్‌కే వచ్చాయి.

ఆవిడ పాఠాల్లో అందరికీ గుర్తుండిపోయేది ఒకటుంది. వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినే ముందుకి పిలిచి, తను యజమానిలాగా నడుం మీద చేతులు పెట్టుకుని, ఏదో ఒక అడ్డగోలు మాట అనేది. "రేపట్నించీ లాభమంతా నేనే ఉంచుకుంటాను" అనో, "నా మేనల్లుడే అకౌంట్లు చూస్తాడు" అనో. ఎదురుగా ఉన్నవాళ్ళు ఆవిడ కళ్ళలోకి చూసి 'కాదు' అనాలి, ఎందుకు కాదో చెప్పాలి. అంతే పాఠం. చూడ్డానికి తేలిక. కానీ తెల్లవాళ్ళ వంటిళ్ళలో, ఆసుపత్రి వరండాల్లో, ఫ్యాక్టరీల్లో పుట్టిన దగ్గర్నించీ 'అలాగేనండి' తప్ప ఇంకోమాట అనని మనుషులకి ఆ ఒక్క మాట గొంతు దాటేది కాదు. నవ్వేవాళ్ళు, దగ్గేవాళ్ళు, నేల చూసేవాళ్ళు.

అందరికన్నా ఎక్కువ కాలం పట్టింది షాంటెల్‌కే. అప్పటికే కోడలు. అత్తగారి ముందు నిలబడి పెదవులు కదిపేది, గాలి తప్ప మాట వచ్చేది కాదు. చాలా మంగళవారాల తర్వాత ఒకరోజు గొణిగినట్టు "కాదండి" అంది. ఒజెల్లా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఎవరో ఏదో అన్నట్టుంది, గోడవతలా?" అని ఏడిపించింది. గదంతా నవ్వింది. షాంటెల్ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

*

సమావేశం లాండ్రీలోనే జరిగింది. యంత్రాలు ఆపేశారు. దుప్పట్లు మడతపెట్టే బల్లల చుట్టూ సభ్యులంతా కూర్చున్నారు. సబ్బు వాసన, ఇంకా చల్లారని ఇస్త్రీ యంత్రాల వేడి. పాత మేనేజరు కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది కాబట్టి కొత్త మనిషి కావాలి.

ఒజెల్లా లేచి నిలబడింది. చర్చిలో ప్రార్థన చేయించినంత ధీమాగా మాట్లాడింది. రోడ్రిక్ ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసినవాడని, మనుషుల్ని నడిపినవాడని, ఊళ్ళో అందరూ ఎరిగినవాడని చెప్పింది. "సభ్యుడు కాకముందు క్లాసులు పూర్తి చెయ్యాలి, ఆ తర్వాత మనతో కలిసి పని చేసి చూపించాలి, అప్పుడే పెద్ద పదవులు అనే నియమం ఉంది. రాసింది నేనే. ఈ ఒక్కసారికి దాన్ని పక్కన పెడదాం," అంది.

ఎవరూ మాట్లాడలేదు. ఇస్త్రీ పని చూసే బర్నెట్టా తన గోళ్ళు చూసుకుంటోంది. ఒజెల్లాకి ఆ నిశ్శబ్దం ఒప్పుకోలులాగే వినిపించింది. కోడలి వైపు చూసి తల ఊపింది, ఇక నువ్వు కానియ్ అన్నట్టు.

షాంటెల్ లేచింది. ఇంట్లో 'అమ్మా' అనే మనిషి సంఘంలో అందరిలాగే పిలుస్తుంది. "మిస్ ఒజెల్లా," అంది, "మీ ప్రతిపాదన విన్నాం. నేను దీనికి ఒప్పుకోను."

ఒజెల్లా సరిగ్గా వినలేదనుకుంది. "ఏంటి తల్లీ?"

"కాదు అంటున్నాను." ఈసారి గోడవతలకి కూడా వినిపించేలా అంది. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. "మీ నాన్నగారి కథ మాకు మొదటిరోజే చెప్పారు. ఆ కాలంలో ఆయనా, బెండకాయలు పండించే మిగతా నల్ల రైతులూ కలిసి సంఘం పెట్టుకుంటే ఊళ్ళో కొట్లవాళ్ళు విత్తనాలు అమ్మం పొమ్మన్నారు. వీళ్ళు మెంఫిస్ వెళ్ళి తెచ్చుకున్నారు గానీ విడిపోలేదు. బయటివాళ్ళెవరూ విడగొట్టలేకపోయారు. చివరికి వాళ్ళ అధ్యక్షుడే తన బావమరిదికి లారీ అప్పజెప్పాడు. ఆ ఏడాదే సంఘం ముక్కలైంది. ఆ కథ చెప్పినప్పుడల్లా మీ గొంతు మారిపోతుంది. నాకు అది ప్రతిసారీ గుర్తుంటుంది. రోడ్రిక్ నా భర్త. తనకి పని దొరికితే నాకన్నా సంతోషించేవాళ్ళు ఇక్కడ ఎవరూ ఉండరు. కానీ క్లోరిస్ ఎన్నేళ్ళనించో ఇక్కడ పనిచేస్తోంది, అన్ని క్లాసులూ చేసింది. ఆమె కళ్ళలోకి చూసి ఏం చెప్పమంటారు?"

గది వెనక కూర్చున్న క్లోరిస్ తల వంచుకుంది.

"చేతులెత్తండి," అంది షాంటెల్. "నియమం పక్కన పెట్టడానికి ఒప్పుకునేవాళ్ళు."

ఒజెల్లా చెయ్యి ఎత్తింది. ఇంకో పాత స్నేహితురాలు మొహమాటంగా ఎత్తి, చుట్టూ చూసి దించేసింది. వద్దనేవాళ్ళని అడిగినప్పుడు మొదట లేచిన చెయ్యి షాంటెల్‌ది. తర్వాత బర్నెట్టాది. ఆ తర్వాత లెక్కపెట్టనక్కర్లేకపోయింది.

*

రోడ్రిక్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరండాలో నిలబడి ఉన్నాడు. కారు దిగిన తల్లి మొహం చూడగానే అతని మొహం మారిపోయింది.

"ఏమైందమ్మా?"

"మీ ఆవిణ్ణి అడుగు," అని ఒజెల్లా లోపలికి నడిచింది.

వెనకే వచ్చిన షాంటెల్ దాచలేదు. నియమం ప్రకారం కాదన్నామని, మొదట చెయ్యెత్తింది తనేనని చెప్పింది. రోడ్రిక్ ఆమె వైపు తిరిగాడు.

"పదిమందిలో నా పేరు వస్తే నువ్వు చెయ్యెత్తావా? వద్దని?"

"నీ పేరు మీద కాదు రోడ్రిక్. నియమం మీద."

"నాకు తేడా తెలియదులే. నేను చదువుకోలేదు కదా మీ చర్చి కింద," అన్నాడు. "ఊరంతా ఏమనుకుంటారు? కట్టుకున్నదే నమ్మలేదు వీణ్ణి అనుకోరూ?"

"నమ్మకపోతే నీతో ఈ ఇంట్లో ఎందుకుంటాను? పొద్దున లేచిన దగ్గర్నించీ గరాజులో కూర్చుని బాగున్న మోటార్లే విప్పి బిగిస్తుంటే నాకు బాధ లేదనుకున్నావా? క్లాసుకి రా అని ఎన్నిసార్లు అడిగాను? నవ్వావు."

ఒజెల్లా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. కొడుకు మెడ వంగి ఉండడం చూసేసరికి ఆవిడలో ఏదో తెగింది. "చాలు," అంది. "నీకు నోరు నేర్పింది నేను. పదిమందిలో నిలబడితే చెమటలు పట్టే పిల్లని తెచ్చి, కుర్చీలో కూర్చోబెట్టింది నేను. దీనికోసమా? నా కొడుకుని నడివీధిలో నిలబెట్టడానికా?"

షాంటెల్ కళ్ళు నిండాయి. "ఆటలో మాత్రమే కాదనమన్నారని నాకు తెలియదమ్మా," అంది. "నిజంగా అనుకున్నాను."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. బట్టలు సర్దుకుని వెళ్ళిపోతుందేమోనని ఒజెల్లా చెవులు రిక్కించింది. కానీ గదిలోంచి బట్టలు మార్చుకున్న చప్పుడు, తర్వాత వంటింట్లో కొలార్డ్ ఆకు కడుగుతున్న చప్పుడు మాత్రమే వినిపించాయి. ఆదివారం భోజనానికి ఆకుకూర ఆమె వంతు. వంతు తప్పలేదు.

ఆ ఆదివారం బల్ల దగ్గర ఉప్పు అందించమని కూడా ఎవరూ అడగలేదు. ఎల్బర్ట్ ఒక్కడే రెండోసారి వడ్డించుకుని, "ఆకుకూర బాగుంది," అన్నాడు. అది గాలిలోనే ఉండిపోయింది.

భోజనాలయ్యాక ఒజెల్లా వెనక మెట్ల మీద కూర్చుంటే ఎల్బర్ట్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నువ్వు కూడా దాని పక్షమేనా?" అంది ఆవిడ.

"నేను పక్షాలు చూసే మనిషిని కాదు. బండి నడిపినవాణ్ణి. ఒక్కటి చెప్తా, వింటే విను. బ్రేకు బాగా పట్టే బండిని నేనెప్పుడూ తిట్టలేదు."

"నా కొడుకు జీవితం అది."

"నా కొడుకు కూడా," అన్నాడు ఎల్బర్ట్ మెత్తగా. ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి ఉంచాడు.

*

మంగళవారం మానేద్దామనుకుంది ఒజెల్లా. ఒంట్లో బాగాలేదని కబురు పంపితే సరిపోతుంది. కానీ పక్క కౌంటీ నించి కొత్తవాళ్ళు వస్తున్నారు. ఊళ్ళో ఉన్న ఒక్క కిరాణా దుకాణం మూసేస్తే కూరగాయల కోసం గంటల తరబడి ప్రయాణం చేస్తున్నవాళ్ళు. సొంతంగా దుకాణం పెట్టుకుందామని ఆశగా వస్తున్నారు. వాళ్ళని ఊరికే వెనక్కి పంపడానికి మనసొప్పలేదు. ఎప్పుడూ వెళ్ళినట్టు కోడలి కారులో వెళ్ళడం ఇష్టం లేక, రోడ్రిక్‌ని దింపమంది.

అతను చర్చి ముందు బండి ఆపి, స్టీరింగు మీదే చూపు నిలిపి అన్నాడు. "అమ్మా, నాకు సిగ్గుగా ఉంది."

"వాళ్ళు సిగ్గుపడాలి నాన్నా."

"వాళ్ళు వద్దన్నందుకు కాదు. నా తరఫున నువ్వు వెళ్ళి అడిగినందుకు. నలభై దాటినవాణ్ణి. నా నోటితో నేను అడిగి ఉంటే వాళ్ళు నన్ను వద్దనేవాళ్ళు. బాధగా ఉండేది గానీ ఇలా ఉండేది కాదు."

ఒజెల్లా బండి దిగి మెట్లు దిగింది. కింది గదిలో షాంటెల్ అప్పటికే కుర్చీలు వేస్తోంది. ఇంట్లో మాటలు లేకపోయినా పని మానేసే పిల్ల కాదు. ఇద్దరూ తలలు మాత్రం ఊపుకున్నారు.

కొత్తవాళ్ళు కూర్చున్నారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, వాళ్ళ చర్చి పెద్ద అయిన ఒక ముసలి డీకన్. ఆయన పేరు హోలిస్. ఎండకి కమిలిన మొహం, మోకాళ్ళ మీద టోపీ. ఒజెల్లా పాఠం మొదలుపెట్టింది. ఎప్పటిలాగే 'కాదు' ఆట దగ్గరికి వచ్చింది. డీకన్ని ముందుకి పిలిచి, నడుం మీద చేతులు పెట్టుకుని, "రేపట్నించీ దుకాణంలో నేను చెప్పిందే ధర," అంది.

ఆయన కాదనలేదు. టోపీ చేతిలో తిప్పుతూ అన్నాడు. "అమ్మగారూ, కోపం తెచ్చుకోకండి. ఇక్కడ ఆటలో ఎవరైనా కాదంటారు. నేను చాలా సంఘాలు చూశాను. మొదలుపెట్టినవాళ్ళు మంచివాళ్ళే. కొన్నాళ్ళయ్యాక వాళ్ళ మాటే మాట, వాళ్ళ పిల్లలే పెద్దలు. మిమ్మల్ని మీ మనుషులెవరైనా నిజంగా కాదన్నారా ఎప్పుడైనా?"

 ఒజెల్లా నోరు తెరిచింది, మాట రాలేదు. గది వెనక షాంటెల్ చేతిలో మడత కుర్చీ పట్టుకుని నేల చూస్తోంది. ఒకప్పుడు ఇదే గదిలో మాట రాక నిలబడినప్పుడు అలాగే చూసేది.

ఆ పిల్ల మళ్ళీ అలా నేల చూడడం ఒజెల్లా ఓర్వలేకపోయింది.

"అన్నారు," అంది. "మొన్న శనివారం."

"ఎవరు?"

"అదిగో, ఆ కుర్చీ పట్టుకున్నది. నా కోడలు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఒజెల్లా నవ్వలేదు. "నా కొడుక్కి పని లేదు. నా లాండ్రీలో మేనేజరు పని ఖాళీగా ఉంది. నేను రాసిన నియమాన్ని నా కొడుకు కోసం పక్కన పెట్టమన్నాను. అది లేచి కాదంది. వాడు దాని మొగుడు. అయినా కాదంది. బల్ల అంచు పట్టుకుని మరీ అంది, నేను చూశాను. తర్వాత మిగతావాళ్ళు చేతులెత్తారు. నేను ఓడిపోయాను."

ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. వెనక వరసలో ఒకామె నెమ్మదిగా అడిగింది. "మీరేం చేశారు, మిస్ ఒజెల్లా?"

"ఇంటికెళ్ళి దాన్ని అనరాని మాటలన్నాను," అంది ఒజెల్లా.  డీకన్ వైపు తిరిగింది. "డీకన్ గారూ, మీరడిగింది మంచి ప్రశ్న. ఇన్నేళ్ళూ నా భయం కూడా అదే. నేను పోయాక ఇది నిలుస్తుందా అని. నా ముందు తలలూపుతున్నారు, రేపు ఇంకో గట్టి గొంతు వస్తే దాని ముందూ తలలూపుతారేమో అని. మొన్న నాకు జవాబు వచ్చింది. నేను మొదలుపెట్టినదాన్ని, అందరికీ పెద్దదాన్ని, కన్నతల్లిని. అయినా నన్ను కాదన్నారు. నాకంటే గట్టి గొంతు ఆ గదిలో ఇంకెవరిది? ఇక వాళ్ళు ఎవరికీ లొంగరు."

ఆ మాట తన నోటినించి వస్తుంటే ఆవిడకే కొత్తగా వినిపించింది. మూడు రోజులుగా గుండెలో ముల్లులా ఉన్నది ఉన్నట్టుండి ఇంకేదోలా మారింది. అది గర్వమని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. గర్వపడాలని ఆవిడ ఇక్కడికి రాలేదు కదా మరి, కోపంగా వచ్చింది.

"ఇలా రా తల్లీ," అంది.

షాంటెల్ కుర్చీ దించి వచ్చింది. ఒజెల్లా ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "దీనికోసమా నేర్పింది అన్నాను. అవును, దీనికోసమే. నాకే బుద్ధి లేకపోయింది."

"మిమ్మల్ని బాధపెట్టాలని కాదమ్మా," అంటూనే షాంటెల్ ఏడ్చేసింది. కొత్తవాళ్ళ ముందు, పాఠం మధ్యలో, అత్తాకోడళ్ళు ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని నిలబడ్డారు. డీకన్ హోలిస్ టోపీతో మొహం విసురుకున్నాడు, గదిలో ఉక్కపోత లేకపోయినా.

కళ్ళు తుడుచుకుని తలెత్తిన ఒజెల్లాకి మెట్ల మీద రోడ్రిక్ కనిపించాడు. ఎంతసేపటినించి ఉన్నాడో తెలియదు. అందరూ తిరిగి చూసేసరికి ఇబ్బందిగా నవ్వాడు.

"నా పేరు రోడ్రిక్ బ్రిగ్స్," అన్నాడు. "ఇందాక చెప్పిన కొడుకుని నేనే. కొత్తవాళ్ళకి చోటుందా, లేకపోతే నిండిపోయిందా?"

"చోటుంది గానీ," అంది షాంటెల్ ఇంకా ముక్కు ఎగబీలుస్తూనే, "కుర్చీ నువ్వే తెచ్చుకోవాలి."

ఆ సాయంత్రం మొదటిసారి గదంతా నవ్వింది. అతను కుర్చీ తెచ్చుకుని డీకన్ పక్కన వేసుకున్నాడు. తల్లి పాఠం ఎక్కడ ఆపిందో అక్కడనించే మొదలుపెట్టింది.

*

మేనేజరుగా క్లోరిస్‌ని ఎన్నుకున్నారు. ఆ సమావేశంలోనే ఒజెల్లా ఇంకో నియమం పెట్టమని కోరింది. సొంత మనుషుల విషయం వచ్చినప్పుడు ఆ ఇంటివాళ్ళు చెయ్యెత్తకూడదు, గదిలో కూడా ఉండకూడదు, బయటికి వెళ్ళాలి. "ఇంకే కోడలికీ ఆ అవస్థ రాకూడదు," అంది. ఒక్కరు కూడా కాదనలేదు.

రోడ్రిక్ క్లాసులన్నీ చేశాడు. మొదట్లో వెటకారాలు ఆడాడు గానీ 'కాదు' ఆటలో తల్లి ఎదురుగా నిలబడినప్పుడు అతనికీ గొంతు పట్టేసింది. షాంటెల్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏడిపించింది. ఆ తర్వాత లాండ్రీలో అందరితో పాటు తడి దుప్పట్లు మోశాడు, ఆరేసే యంత్రాల్లో పేరుకున్న దూది పీకాడు. పెద్ద పదవి అడగలేదు. ఆగి ఆగి తిరిగే పాత యంత్రాన్ని మాత్రం విప్పి, బర్నెట్టా కసుర్లు భరిస్తూ, మళ్ళీ బిగించాడు. అది ఇప్పుడు చప్పుడు లేకుండా తిరుగుతోంది.

పత్తి విత్తే రోజుల్లో ఒక శనివారం అతని సభ్యత్వం ఓటుకి వచ్చింది. యంత్రాలు ఆగాయి. క్లోరిస్ తలుపు తీసి పట్టుకుంది. రోడ్రిక్, షాంటెల్, ఒజెల్లా బయటికి వెళ్ళారు. లారీలు ఆగే గట్టు మీద ముగ్గురూ వరసగా నిలబడ్డారు. వెనక తలుపు మూసుకుంది.

లోపల మాటలు వినిపిస్తున్నాయి గానీ అర్థం కావడం లేదు. బర్నెట్టా గొంతు పెద్దగా లేచింది. ఇంకెవరో అడ్డం వచ్చారు. ఎవరో నవ్వారు. 

రోడ్రిక్ చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఏమంటున్నారో," అన్నాడు.

"బర్నెట్టా నువ్వు విరగ్గొట్టిన బకెట్టు సంగతి ఎత్తి ఉంటుంది," అంది షాంటెల్.

"ఒక్క బకెట్టు."

"ఆవిడకి అది చాలు."

షాంటెల్ నవ్వుతూనే అత్తగారి చెయ్యి అందుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. "భయంగా ఉందా అమ్మా?" అంది మెల్లిగా. "లోపల మీరుంటే బాగుండేదనిపిస్తోందా?"

ఒజెల్లా మూసిన తలుపు వైపు చూసింది. లోపల ఉన్నవాళ్ళందరికీ ఆవిడే నేర్పింది. ఎలా అడగాలో, ఎలా వినాలో, ఎలా కాదనాలో. ఇవాళ తన బిడ్డ బతుకు వాళ్ళ చేతుల్లో ఉంది. ఆవిడకి ఒక్క మాట కూడా లేదు.

"భయమే," అంది. "కానీ విను వాళ్ళని. మనల్ని ఎవర్నీ అడగనక్కర్లేకుండా తేల్చుకుంటున్నారు." కళ్ళనించి నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. "మా నాన్న ఇది విని ఉంటే బాగుండేది."

తలుపు తెరుచుకుంది. బర్నెట్టా గుమ్మంలో నిలబడింది. మొహంలో ఏమీ కనిపించనివ్వకుండా రోడ్రిక్‌ని పైనుంచి కిందికి చూసింది.

"బకెట్టు కొత్తది కొనివ్వాలి," అంది. తర్వాత పక్కకి జరిగి, తలుపు బార్లా తీసింది. "రా లోపలికి, సభ్యుడు గారూ. మీ ఇద్దరు కూడా రండి. చప్పట్లకి చేతులు తక్కువయ్యాయి."